అప్‌గ్రేడ్ తర్వాత కూలిన ఫోటో ప్రోగ్రామ్: ఒక ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు, రాత్రి

నా కంప్యూటర్‌ని నడిపే సిస్టమ్, ఉబుంటు లినక్స్, 22.04 నుంచి 24.04కి అప్‌గ్రేడ్ సాయంత్రం పూర్తయింది. ఏ గొడవా లేకుండా అయిపోయింది. అందుకే కాస్త అనుమానంగానూ ఉంది. బ్రౌజర్ తెరుచుకుంది, వైఫై పట్టుకుంది, ఎప్పుడూ మొరాయించే ప్రింటర్ కూడా ఈసారి ఒక్క మాటతో పలికింది. చివరగా బొమ్మలపెట్టె నడిపాను. అది నడవలేదు.

బొమ్మలపెట్టె అంటే 2016లో నాకోసం నేను సీ భాషలో రాసుకున్న ప్రోగ్రామ్. ఫోటోల ఫోల్డర్లన్నీ తిరుగుతుంది. ప్రతి ఫోటోలో కెమెరా రాసిపెట్టిన తేదీ చదువుతుంది, ఒక బుల్లి బొమ్మ తయారుచేస్తుంది, అన్నిటినీ తేదీల వరసలో ఒక జాబితాగా కడుతుంది. మొత్తం పద్దెనిమిది వందల లైన్లు. కిటికీలు, బటన్లు ఏమీ లేవు. టెర్మినల్‌లో పేరు కొడితే తన పని తాను చేసుకుపోతుంది. వాడేది నేనొక్కదాన్నే కాబట్టి బాగు చేయాల్సిందీ నేనే.

ఈరోజు వచ్చిన తప్పు మాత్రం తేలికైనదే. టిఫ్ రకం ఫోటో ఫైళ్లు చదవడానికి వేరేవాళ్లు రాసిపెట్టిన కోడు ఉంది, లిబ్‌టిఫ్ లైబ్రరీ. దాని ఐదో నంబర్ ఫైలు దొరకలేదంది. ప్రోగ్రామ్‌కి కావాల్సిన లైబ్రరీలు చూపించే ఎల్‌డీడీ కమాండుతో చూస్తే మిగతా లైబ్రరీలన్నీ ఉన్నాయి, ఇదొక్కటే లేదు. 22.04లో లిబ్‌టిఫ్ 5 ఉండేది, 24.04లో లిబ్‌టిఫ్ 6 వస్తుంది. లైబ్రరీ పేరు చివర ఉండే ఆ అంకె ఊరికే పెట్టింది కాదు. పాత వెర్షన్‌ను నమ్ముకున్న ప్రోగ్రాములు కొత్తదాంతో యథాతథంగా నడుస్తాయన్న హామీ లేదని లైబ్రరీ రాసినవాళ్లు చెప్పాలనుకుంటే ఆ అంకె పెంచుతారు.

ఇంత తెలిసీ చేయకూడని పని చేశాను. ఆరో నంబర్ ఫైలుకి ఐదో నంబర్ పేరుతో లింకు పెట్టాను. పది సెకన్ల పని, రాత్రి పదకొండు, నిద్రొస్తోంది. ప్రోగ్రామ్ మొదలైంది కూడా. కానీ లింకు పెట్టి అబద్ధం చెబితే రేపు వచ్చే ఏ తప్పు దేనివల్ల వచ్చిందో నాకే తెలియదు. లింకు తీసేసి పడుకుంటున్నాను. రేపు కొత్త సిస్టమ్ మీద మొదటి నుంచీ కంపైల్ చేస్తాను, అంటే నేను రాసిన సోర్స్‌ని మెషీన్ నడపగల బైనరీగా మారుస్తాను.

రెండో రోజు

కంపైల్ చేశాను. కొత్త జీసీసీ (నా సీ కంపైలర్) నాలుగు హెచ్చరికలు ఇచ్చింది. ఎప్పటిలాగే చదవకుండా పైకి జరిపేశాను. (ఈ వాక్యం రెండు రోజుల తర్వాత మళ్లీ చదివి తల కొట్టుకున్నాను. తీరా చూస్తే ఆ నాలుగింటికీ అసలు సమస్యకీ సంబంధం లేదు, అది వేరే సంగతి.)

నడిపితే మొదటి ఫోటో దగ్గరే చచ్చింది. తెర మీద రెండు ముక్కలు: "బఫర్ ఓవర్‌ఫ్లో డిటెక్టెడ్: టెర్మినేటెడ్". దాని కింద "అబార్టెడ్, కోర్ డంప్డ్". మెమరీలో కేటాయించిన చోటు దాటి రాయబోతున్నావు, అందుకే ఆపేశాను అని దానర్థం.

నిన్నటి తప్పు లైబ్రరీ దొరక్క. ఇది వేరు. లైబ్రరీలన్నీ సరిగ్గా ఉన్నాయి, ప్రోగ్రామ్ మొదలైంది, నడుస్తూ నడుస్తూ మధ్యలో ఎవరో మెడపట్టి బయటికి గెంటారు. ఎవరు? ఈ డైరీలో తర్వాతి మూడు రోజులూ నడిచింది ఆ ప్రశ్నే.

నా మొదటి అనుమానం ఆ ఫోటో మీదకి పోయింది. దాన్ని పక్కకి తీసి మళ్లీ నడిపాను. రెండో ఫోటో దగ్గర చచ్చింది. దాన్నీ తీశాను. మూడోదాని దగ్గర చచ్చింది. అంటే ఫోటోల తప్పు కాదు. తర్వాత పాత జాబితా ఫైలు పాడైందేమోనని తీసేశాను. మార్పు లేదు. సెట్టింగుల ఫైలు కాసేపు ఖాళీ చేసి చూశాను. మార్పు లేదు. సాయంత్రానికి మెమరీ చిప్‌నే అనుమానించే స్థితికి వచ్చి, రాత్రంతా మెమరీ పరీక్ష పెట్టి పడుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తోంది. చిప్ పాడైతే ప్రతిసారీ అదే చోట, అదే మాట చెప్పి చస్తుందా? బ్రౌజర్‌కి రాని జబ్బు నా ప్రోగ్రామ్‌కే వస్తుందా?

మధ్యలో ఒక చిన్న పని కూడా అయింది. జాబితాని వెబ్ పేజీగా మార్చే పైథాన్ స్క్రిప్టు కూడా ఆగిపోయి ఉంది. దాని కారణం ఐదు నిమిషాల్లో దొరికింది. 24.04లో పైథాన్ 3.12 ఉంది, అందులో పాత ఇంప్ మాడ్యూల్ తీసేశారు. దాని బదులు ఇంపోర్ట్‌లిబ్ పెట్టాను, నడిచింది. అన్నీ ఇలాగే ఉంటే ఎంత బాగుండు.

మూడో రోజు

మెమరీ పరీక్షలో ఒక్క తప్పూ లేదు. ఊహలు చాలు, ఇక వరసగా తేల్చుకుందామని కూర్చున్నాను.

అప్‌గ్రేడ్‌లో ఒకేసారి చాలా మారతాయి. నా ప్రోగ్రామ్‌కి సంబంధించినంత వరకు మారినవి నాలుగు: సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్, సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ 2.35 నుంచి 2.39, జీసీసీ 11 నుంచి 13, ఆపైన లిబ్‌టిఫ్ లాంటి లైబ్రరీలు. నాలుగూ కలిసి మారితే ఎవరు దోషో చెప్పలేం. ఒక్కొక్కటి విడదీయాలి.

దీనికి కంటైనర్ బాగా పనికొచ్చింది. ఒక సిస్టమ్ లోపలే ఇంకో సిస్టమ్ ఫైళ్లతో విడిగా ప్రోగ్రాములు నడిపే ఏర్పాటు అది. 22.04 కంటైనర్ తెచ్చి, ఫోటోల ఫోల్డర్‌ని దానికి చూపించి, అందులో నా పాత బైనరీని నడిపాను. దర్జాగా నడిచింది. కంటైనర్‌కి సొంత కెర్నల్ ఉండదు, కింద ఉన్న 24.04 కెర్నల్‌నే వాడుకుంటుంది. లోపలి లైబ్రరీలు మాత్రం పాతవి. కాబట్టి ఒక్క పరీక్షతో కెర్నల్ మీద అనుమానం తీరిపోయింది. డిస్కు, ఫోటోలు, మెమరీ చిప్ కూడా నిర్దోషులే. ఈ పని నిన్న ఉదయమే చేసి ఉంటే ఒక రోజు మిగిలేది.

తర్వాత అదే కంటైనర్‌లో ఈరోజు సోర్స్‌ని పాత జీసీసీతో కంపైల్ చేసి నడిపాను. అదీ నడిచింది. అదే సోర్స్, అదే ఫోటోలు, అదే కెర్నల్. బయట చస్తోంది, లోపల బతుకుతోంది. మిగిలిన అనుమానితులు మూడు: కంపైలర్, జీలిబ్‌సీ, లిబ్‌టిఫ్.

లిబ్‌టిఫ్‌ని తప్పించడం తేలిక. టిఫ్ ఫైళ్లు చదివే భాగాన్ని తాత్కాలికంగా తీసేసి కంపైల్ చేశాను. అయినా చచ్చింది. ఇక ఇద్దరు.

నాలుగో రోజు

ఈరోజు డీబగ్గర్ తీశాను, నడుస్తున్న ప్రోగ్రామ్ లోపల ఏం జరుగుతోందో చూపించే పనిముట్టు. నిజానికి రెండో రోజే తీయాల్సింది. కానీ ఆ డీబగ్గర్, జీడీబీ, అంటే నాకు పంటి డాక్టర్ దగ్గరికి వెళ్లడం లాంటిది, నొప్పి భరించలేని దాకా వెళ్లను.

డీబగ్గర్‌లో చూడాలంటే లైన్ నంబర్లు కనపడేలా కంపైల్ చేయాలి. అలవాటు ప్రకారం డీబగ్ ఫ్లాగ్ పెట్టి, ఆప్టిమైజేషన్‌ని, అంటే వేగం కోసం కంపైలర్ చేసే సర్దుబాట్లని, మామూలు ఓ-టూ నుంచి ఓ-జీరోకి తగ్గించి కంపైల్ చేశాను. జీడీబీలో నడిపాను.

చావలేదు.

రెండు వేల పైచిలుకు ఫోటోలూ చక్కగా చదివి, జాబితా కట్టి, బుద్ధిమంతురాలిలా బయటికొచ్చింది. జీడీబీ లేకుండా విడిగా నడిపాను. అప్పుడూ చావలేదు. మామూలుగా కంపైల్ చేసి నడిపాను. చచ్చింది. మళ్లీ డీబగ్‌కి మార్చాను. బతికింది. డాక్టర్ ముందు కూర్చోగానే నొప్పి మాయమైనట్టు ఉంది వ్యవహారం. ఇదే జరిగితే నేను సాధారణంగా చేసే పని ఒకటుంది: ఓ-జీరోతో కంపైల్ చేసిన దాన్నే వాడుకుంటూ బతికేయడం. ఈసారి ఎందుకో మనసొప్పలేదు.

ఇంతకుముందు నాతో కలిసి పనిచేసిన ఒక తమ్ముడికి ఫోన్ చేశాను. సిస్టమ్స్ ప్రోగ్రామింగ్ అతని పని. అంతా విని ఒకటే అడిగాడు.

"అక్కా, డీబగ్‌కి ఏ ఆప్టిమైజేషన్ పెట్టావ్?"

"ఓ-జీరో. అదే కదా పెట్టేది?"

"అదే మరి. ఓ-జీరోలో ఫోర్టిఫై, ఓవర్‌ఫ్లోని పట్టే కాపలా, పనిచేయదక్కా. కాపలావాణ్ణి ఇంటికి పంపించేసి దొంగ రావట్లేదంటే ఎలా? ఓ-టూ ఉంచి, డీబగ్ ఫ్లాగ్ కూడా కలిపి కంపైల్ చెయ్. తర్వాత బ్యాక్‌ట్రేస్ చూడు."

అలాగే చేశాను. చచ్చింది. ఇంత ఆనందంగా నా ప్రోగ్రామ్ చావడం నేనెప్పుడూ చూడలేదు.

బ్యాక్‌ట్రేస్ అంటే చచ్చే క్షణానికి ఏ ఫంక్షన్‌ని ఏ ఫంక్షన్ పిలిచిందో చూపించే వరస. పైన ఉన్నవన్నీ చావుకి సంబంధించిన తంతు: రెయిజ్, అబార్ట్, లిబ్‌సీ సందేశం రాసే ఫంక్షన్. వాటి కింద ఫోర్టిఫై ఫెయిల్. దాని కింద చెక్ ఫెయిల్. ఇంకా కింద ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ చెక్. ఆ కిందది నా ఫంక్షన్, "దారి_కట్టు". ఫోల్డర్ పేరూ ఫైల్ పేరూ కలిపి పూర్తి దారి తయారుచేసేది. నాలుగు లైన్ల ఫంక్షన్. ఎనిమిదేళ్లుగా దాన్ని తెరిచి చూసిన గుర్తు కూడా లేదు.

వేరియబుల్స్ విలువలు అడిగితే జీడీబీ సగానికి పైగా "ఆప్టిమైజ్డ్ అవుట్" అంది. ఓ-టూతో వచ్చే తలనొప్పి ఇది. చివరికి పాత పద్ధతే: ఆ లైన్ ముందు ఒక ప్రింట్ పెట్టాను. ఫోల్డర్ పేరు "యాత్ర". ఫైల్ పేరు కెమెరా ఇచ్చిన మామూలు పేరు, 0412 నంబరుది. ఇందులో ఓవర్‌ఫ్లో అవడానికి ఏముంది? ఎంత చిన్న పేరు!

ఐదో రోజు

నిన్న రాత్రి ఆ నాలుగు లైన్ల ముందు చాలాసేపు కూర్చున్నాను. ఆ ఫంక్షన్ చేసే పని మాటల్లో ఇది.

ముందు మాలాక్‌తో మెమరీ అడుగుతుంది. ఎంత? ఫోల్డర్ పేరు పొడవు + ఫైల్ పేరు పొడవు + 1. తర్వాత ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్‌తో ఆ మెమరీలో ఫోల్డర్ పేరు, గీత, ఫైల్ పేరు వరసగా రాస్తుంది. ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్‌కి "ఇంతకు మించి రాయకు" అని ఒక హద్దు చెప్పాలి. అక్కడ నేను రాసిన హద్దు 1024.

1024 ఎక్కడి నుంచి వచ్చింది? 2016లో మొదట ఆ చోట 1024 బైట్ల స్థిరమైన అర్రే (ముందే కొలత పెట్టుకున్న మెమరీ) ఉండేది. కొద్ది రోజులకే పెద్ద తెలివిగా మాలాక్‌కి మార్చాను. పైన లైన్ మార్చి, కింద అంకె మార్చడం మర్చిపోయాను.

"యాత్ర" చూడటానికి రెండక్షరాలే. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపిలోని ప్రతి గుర్తుకీ మూడు బైట్లు. య, దీర్ఘం, త, పొల్లు, ర. ఐదు గుర్తులు, 15 బైట్లు. ఫైల్ పేరు ఇంగ్లిష్ అక్షరాలు, చుక్కతో కలిపి 12 బైట్లు. ఆపైన ఒకటి. అంటే నేను అడిగిన మెమరీ 28 బైట్లు. చెప్పిన హద్దు 1024.

ఇక్కడే మొత్తం తేలింది. ఫోర్టిఫై అనేది జీసీసీ, జీలిబ్‌సీ కలిసి పెట్టే కాపలా. ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ లాంటి ఫంక్షన్‌ని పిలిచినప్పుడు, రాయబోయే చోటు ఎంత పెద్దదో కంపైలర్‌కి తెలిస్తే ఆ కొలత కూడా పంపుతుంది. లోపల ఒక పోలిక: చెప్పిన హద్దు నిజమైన చోటు కంటే పెద్దదా? పెద్దదైతే అక్కడికక్కడే ఆపేస్తుంది. నిజంగా పొంగిందా లేదా అన్నది చూడదు. హద్దు గురించి అబద్ధం చెప్పావా లేదా అన్నదే చూస్తుంది. అందుకే అంత చిన్న పేరుకి కూడా చచ్చింది.

మరి 22.04లో ఎందుకు చావలేదు? అక్కడ ఫోర్టిఫై రెండో స్థాయిలో ఉండేది. ఆ స్థాయిలో కంపైల్ చేసేటప్పుడే కొలత తేలిపోయే చోట్లనే కాపలా. మాలాక్‌కి ఇచ్చిన కొలత ప్రోగ్రామ్ నడిచేటప్పుడు లెక్కగట్టేదైతే "నాకు తెలియదు" అని వదిలేసేది. జీసీసీ 12తో, అంటే 2022లో, మూడో స్థాయి వచ్చింది. నడుస్తుండగా లెక్కతేలే కొలతని కూడా ఇది పట్టుకుంటుంది. 24.04లో జీసీసీ మామూలుగానే మూడో స్థాయితో కంపైల్ చేస్తుంది.

అనుకోవడం కాదు, రుజువు కావాలి కదా. 24.04 మీదే ఫోర్టిఫైని చేత్తో రెండుకి దించి కంపైల్ చేశాను. బతికింది. మూడుకి పెంచాను. చచ్చింది. ఇంకొక్క అక్షరం మార్చలేదు. జీలిబ్‌సీ కూడా నిర్దోషే.

మూడు రోజులుగా అప్‌గ్రేడ్‌ని తిట్టుకుంటూ తిరిగాను. ఆడలేక మద్దెల ఓడన్న సామెత నా కోసమే పుట్టింది.

ఈ బాపతు సంగతి పెద్ద ప్రోగ్రాములకీ జరిగింది. 2010లో ఫెడోరా అనే ఇంకో లినక్స్ 14వ వెర్షన్ వచ్చినప్పుడు, బ్రౌజర్‌లో పాటలు, వీడియోలు నడిపే 64 బిట్ ఫ్లాష్ ప్లేయర్‌లో పాటలు గరగరమన్నాయి. కొత్త జీలిబ్‌సీలో, మెమరీలో ఒక చోటు నుంచి ఇంకో చోటికి కాపీ చేసే మెమ్‌కాపీ ఫంక్షన్‌ని వేగంగా చేయడానికి కొన్ని ప్రాసెసర్ల మీద కాపీ చేసే దిశ మార్చారు. మెమ్‌కాపీ నియమం మొదటి నుంచీ ఒకటే: కాపీ అయ్యే రెండు చోట్లూ ఒకదాని మీద ఒకటి పడకూడదు. పడితే వాడాల్సింది మెమ్‌మూవ్. ఫ్లాష్ ఆ నియమం పాటించలేదు, పాత దిశలో మాత్రం అది బయటపడలేదు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కూడా ఆ బగ్ చర్చలోకి దిగారు. నియమం ఏదైనా, వాడేవాళ్ల ప్రోగ్రామ్ చెడగొట్టకూడదన్నది ఆయన పట్టు. చివరికి జీలిబ్‌సీ 2.14లో మెమ్‌కాపీకి కొత్త వెర్షన్ గుర్తు పెట్టారు. పాత బైనరీలకి పాత గుర్తు మీద సురక్షితమైన నడత, కొత్తగా కంపైల్ చేసిన వాటికి కొత్తది. ఆ వాదనలో ఎవరు కరెక్టో నేను తేల్చను కానీ, నా కేసులో ఫోర్టిఫై పక్షమే నేను.

ఆరో రోజు

కారణం తెలిశాక బాగు చేయడమెంతసేపు అనుకున్నాను. మెమరీ కొలతని ఒక వేరియబుల్‌లో పెట్టి, అదే వేరియబుల్‌ని మాలాక్‌కీ ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్‌కీ ఇచ్చాను. ఇక అబద్ధం లేదు. కంపైల్. నడిపాను.

చావలేదు. కానీ ఒక్క ఫోటో కూడా తెరవలేదు. "ఫైలు లేదు, ఫైలు లేదు, ఫైలు లేదు" అంటూ తెర నిండా వరస కట్టింది. రెండు వేల సార్లు.

డిస్కు మీద ఫైళ్లు ఉన్నాయి. నా కళ్ల ముందే ఉన్నాయి. ఫోల్డర్ అనుమతులు చూశాను, సరిగ్గానే ఉన్నాయి. టీ తాగొచ్చి ఆ వరసనే మళ్లీ చదివాను. ఈసారి లైను చివర చూశాను. ప్రతి ఫైలు పేరు చివర జేపీజీ ఉండాల్సిన చోట జేపీ అని ఉంది. టిఫ్ ఫైళ్ల చివర టీఐ. అన్నిటికీ చివరి అక్షరం కొరికేసినట్టు పోయింది.

మళ్లీ కొలత లెక్క తీశాను. ఫోల్డర్ పేరు + ఫైల్ పేరు + 1. ఆ ఒకటి దేనికి? సీ భాషలో ప్రతి మాట చివరా ఇక్కడితో అయిపోయిందని చెప్పే సున్నా బైట్ ఉంటుంది, దానికి. మరి మధ్యలో గీత? ఫోల్డర్‌కీ ఫైలుకీ మధ్య పెట్టే ఏటవాలు గీత. దానికి చోటు అడగలేదు. కావాల్సింది +2, నేను రాసింది +1.

28 అడిగాను, 29 కావాలి. ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్‌కి ఇప్పుడు నిజం చెప్పాను కాబట్టి 28లోనే సర్దింది. చివర సున్నా పెట్టక తప్పదు, అందుకని ఆఖరి అక్షరాన్ని బయట నిలబెట్టింది. ఇన్నేళ్లూ 1024 అని అబద్ధం చెప్పినందువల్ల ఆ 29వ బైటు నాది కాని చోట పడుతూ వచ్చింది. ప్రతి ఫోటోకీ. ప్రతిసారీ. ఎనిమిదేళ్లు.

పాత అబద్ధాన్ని తీయబట్టి దాని వెనకున్న అసలు తప్పు బయటికొచ్చింది. అంటే ఫోర్టిఫై పట్టుకున్నది మొదటి తప్పునే. రెండోది దాని చాటున దాక్కుని ఉంది.

ఇప్పుడు కొత్త ప్రశ్న. ప్రతి ఫోటోకీ ఒక బైటు బయట రాస్తుంటే, ఎనిమిదేళ్లు ఎలా నడిచింది?

దీనికి జవాబు మాలాక్ డబ్బాల్లో ఉంది. 64 బిట్ సిస్టమ్‌లో జీలిబ్‌సీ మనం అడిగినంతే కొలిచి ఇవ్వదు. దాని దగ్గర డబ్బాలు 24, 40, 56, 72 బైట్లు, ఇలా 16 చొప్పున పెరుగుతూ ఉంటాయి. 28 అడిగితే 40 డబ్బా ఇస్తుంది. 29వ బైటు రాసినా ఇంకా పదకొండు మిగులుతాయి. మనకి హక్కు లేదు, కానీ ఎవరికీ నష్టం లేదు. నష్టం ఎప్పుడంటే, అడిగింది సరిగ్గా 24, 40 లేదా 56 అయినప్పుడు. అప్పుడు డబ్బాలో ఖాళీ ఉండదు. ఆ అదనపు సున్నా వెళ్లి పక్క డబ్బా మీద పడుతుంది. అక్కడ మొదట ఉండేది ఆ డబ్బా సైజు రాసుకున్న చీటీ. దాని మొదటి బైటు సున్నా అవుతుంది. తర్వాత ఎప్పుడో ఆ పక్క డబ్బాని తిరిగిచ్చేటప్పుడు, అంటే ఫ్రీ చేసేటప్పుడు, జీలిబ్‌సీ చీటీ చదివి ఉలిక్కిపడుతుంది. పక్కన ఏ డబ్బా ఉందన్న దాన్ని బట్టి కొన్నిసార్లు ఉలిక్కిపడనే పడదు.

ఇది రాసుకుంటూ ఉండగా ఒక ఫోల్డర్ గుర్తొచ్చింది.

అదే రోజు, అర్ధరాత్రి దాటాక

"చిన్ననాటి". అమ్మ దగ్గరున్న పాత ఆల్బమ్ నుంచి స్కాన్ చేసిన ఫోటోలు, టిఫ్ ఫైళ్లు. ఆ ఒక్క ఫోల్డర్ దగ్గర బొమ్మలపెట్టె అప్పుడప్పుడు చచ్చేది. ఎప్పుడూ కాదు, అప్పుడప్పుడు. "ఫ్రీ: ఇన్‌వ్యాలిడ్ పాయింటర్" అనేది. స్కానర్ ఫైళ్లు సరిగా రాయలేదని తీర్మానించి, వదిలేయాల్సిన ఫోల్డర్ల జాబితాలో దాని పేరు పెట్టి, పక్కన "స్కాన్ చెడింది" అని రాసుకున్నాను. ఆ లైను ఇప్పటికీ సెట్టింగుల్లో ఉంది. దాన్ని బాగుచేద్దామన్న ఆలోచన ఇన్నేళ్లలో ఒక్కసారీ రాలేదు. వదిలేయమంటే వదిలేస్తోంది కదా.

లెక్క వేశాను. చ, గుడి, న, పొల్లు, న, న, దీర్ఘం, ట, గుడి. తొమ్మిది గుర్తులు, 27 బైట్లు. స్కానర్ ఇచ్చే పేరు స్కాన్ అన్న నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, నాలుగు అంకెలు, చుక్క, టిఫ్ మూడక్షరాలు. 12 బైట్లు. ప్లస్ ఒకటి.

27, 12, 1. నలభై.

కాగితం మీద రెండోసారి కూడా కూడుకున్నాను. నలభై. సరిగ్గా డబ్బా నిండింది. నేను రాసేది నలభై ఒకటి.

ఏడో రోజు

నిద్ర చాలలేదు కానీ ముందు దీన్ని నిరూపించాలి. 22.04 కంటైనర్‌లో, ఏమీ మార్చని పాత సోర్స్‌ని కంపైల్ చేసి, వదిలేసే జాబితాలోంచి ఆ ఫోల్డర్ తీసి, వాల్‌గ్రిండ్ కింద నడిపాను. వాల్‌గ్రిండ్ ప్రతి మెమరీ అడుగునీ కాపలా కాస్తుంది, అందుకని తాబేలులా నడుస్తుంది. మొదటి స్కాన్ దగ్గరికి రాగానే చెప్పింది: ఒక బైటు చెల్లని రాత, 40 సైజు బ్లాకు అయిపోయిన వెంటనే, సున్నా బైట్ల దూరంలో. బ్లాకు ఎక్కడ పుట్టిందో లైను నంబరుతో సహా. దారి_కట్టు ఫంక్షన్, మాలాక్ లైను.

"యాత్ర" ఫోల్డర్ మీద నడిపినా వాల్‌గ్రిండ్ అదే తప్పు పట్టుకుంది, ఈసారి 28 బ్లాకు తర్వాత. అంటే 2016 నుంచి ఏ రోజు వాల్‌గ్రిండ్ నడిపినా, ఏ ఫోల్డర్ మీద నడిపినా, మొదటి నిమిషంలోనే దొరికేది. ఒక్కసారీ నడపలేదు.

తర్వాత మొత్తం సోర్స్‌లో 1024 ఎక్కడెక్కడ ఉందో వెతికాను. పదకొండు చోట్ల ఉంది. రెండు చోట్ల నిజంగా 1024 బైట్ల అర్రేలే ఉన్నాయి, అవి సరే. మిగతా తొమ్మిదీ ఇదే రకం అబద్ధాలు. వాటిలో మూడింటికి పొడవు లెక్క కూడా తప్పు. పొడవులు చేత్తో కూడుకునే పనే వద్దనుకుని, దారులు కట్టే చోట్లన్నీ ఏఎస్‌ప్రింట్‌ఎఫ్‌కి మార్చేశాను. అది తనే కొలుస్తుంది, తనే మెమరీ తెస్తుంది, వాడాక ఫ్రీ చేయడమే మన పని. ప్రమాణ సీ భాషలో లేని ఫంక్షన్ కాబట్టి కొందరికి నచ్చకపోవచ్చు. నాకు జీలిబ్‌సీ తప్ప వేరే చోట నడపాల్సిన అవసరం లేదు.

కంపైల్ ఎలా చేయాలో రాసుకున్న మేక్‌ఫైల్‌లో రెండు మార్పులు. హెచ్చరికల ఫ్లాగులు పెంచాను. పరీక్ష కోసం, మెమరీ తప్పులు పట్టే అడ్రెస్ శానిటైజర్‌తో విడిగా ఒక బిల్డ్ పెట్టాను. దాన్ని మొదటిసారి నడిపితే మెమరీ లీకులు, అంటే తీసుకుని తిరిగివ్వని మెమరీ, ఇరవై చూపించింది. అవి చంపవు, ఇంకో రోజు చూసుకోవచ్చు.

తమ్ముడికి మెసేజ్ పెట్టాను, దోషి దొరికిందని. "ఎవరక్కా?" అన్నాడు. "నేనే" అన్నాను. నవ్వే బొమ్మలు మూడు పంపాడు.

సాయంత్రం సెట్టింగుల ఫైలు తెరిచాను. "చిన్ననాటి, స్కాన్ చెడింది" అన్న లైను చెరిపేసి, మొత్తం ఫోటోల మీద బొమ్మలపెట్టె నడిపాను. నాలుగు నిమిషాలు పట్టింది. జాబితా తెరిస్తే పైన ఎప్పుడూ ఉండే మొదటి ఫోటో లేదు. దాని పైకి కొత్తగా అరవై మూడు వచ్చి చేరాయి. స్కాన్లకి కెమెరా తేదీ ఉండదు కాబట్టి ప్రోగ్రామ్ వాటన్నిటినీ అన్నిటికంటే ముందు పెట్టింది. మొదటిది అమ్మ, ఒళ్లో నేను, నా చేతిలో సగం కొరికిన బిస్కెట్టు. స్కాన్‌లో ఒక గీత కూడా లేదు.